చవక ప్లాస్టిక్ మోడల్ కిట్లు: డబ్బు కట్టకముందే మంచిదో కాదో పోల్చుకోవడం ఎలా?

పటమట_నాన్న (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మొన్న 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పడం టీవీలో చూసిన దగ్గర్నుంచి ఆ విమానం మోడల్ కావాలని ఒకటే గోల. అదీ నొక్కితే అతుక్కునే బొమ్మ కాదట, జిగురు పెట్టి రంగులు వేసే కిట్టే కావాలట. నా బడ్జెట్ వెయ్యి, మహా అయితే పన్నెండు వందలు.

ఆన్‌లైన్‌లో చూస్తే అదే మిగ్-21 వేర్వేరు కంపెనీల పెట్టెల్లో వేర్వేరు ధరల్లో ఉంది. ప్రతి పెట్టె మీదా మంటలు కక్కుతూ మబ్బుల్లోకి దూసుకుపోయే బొమ్మే. లోపల ఏముందో ఒక్కడూ చూపించడు. ఇక్కడ ఒక షాపులో అడిగితే "అన్నీ ఇంపోర్టెడే సార్, అన్నీ మంచివే" అన్నాడు. సీల్ తీసి చూపించమంటే మాత్రం కుదరదన్నాడు.

ముక్కలు ఎక్కువుంటే మంచి కిట్టా? ధర ఎక్కువుంటే మంచిదా? అసలు మీరంతా దేన్ని చూసి కొంటారు?

రివెట్_లెక్క (గుంటూరు, బ్రాడీపేట)

ముక్కల లెక్క పక్కన పెట్టండి సార్. నూట యాభై ముక్కలుండి ఒకటీ సరిగ్గా కూర్చోని కిట్లున్నాయి, నలభై ముక్కలతో గడియారంలా కుదిరేవీ ఉన్నాయి. ముందు చూడాల్సింది మౌల్డ్ (ముక్కల్ని పోత పోసే అచ్చు) వయసు. పెట్టె మీద అట్ట కొత్తదే కావచ్చు, లోపలి ప్లాస్టిక్ మీ నాన్నగారి కాలం నాటి మౌల్డ్‌లోంచి వచ్చి ఉండొచ్చు.

ఈ వ్యాపారంలో మౌల్డ్‌లు చేతులు మారుతూనే ఉంటాయి. బ్రిటన్‌లో ఫ్రాగ్ అనే కంపెనీ 1970ల్లో మూతపడ్డాక దాని మౌల్డ్‌లు చాలావరకు సోవియట్ యూనియన్‌కి చేరి, నోవో పేరుతో బయటికొచ్చాయి. ఆ తర్వాత రకరకాల తూర్పు యూరప్ పెట్టెల్లో తేలాయి. రెవెల్ పెట్టెలో హసెగావా ప్లాస్టిక్ ఉండొచ్చు, ఇటలెరీది ఉండొచ్చు, పాత మ్యాచ్‌బాక్స్‌ది ఉండొచ్చు. టామియా అంటే కళ్లు మూసుకుని కొనేవాళ్లున్నారు కదా, ఆ కంపెనీ 1/72 (అసలు విమానంలో 72వ వంతు సైజు) వార్‌బర్డ్ సిరీస్‌లోనూ కొన్ని ఇటలెరీ కిట్లే. కాబట్టి పెట్టె మీద పేరు చూసి నమ్మడానికి లేదు.

స్కేల్‌మేట్స్ అనే సైట్ ఉంది, ఉచితం. కిట్ నంబర్ కొట్టండి. ఆ కిట్ మొదట ఏ సంవత్సరం ఏ కంపెనీ తీసింది, తర్వాత ఎవరెవరు పెట్టె మార్చి అమ్మారు అన్నీ వరసగా గీత గీసి చూపిస్తుంది. "న్యూ టూల్" అని ఉంటే కొత్త మౌల్డ్. "న్యూ బాక్స్", "న్యూ డెకాల్స్" (డెకాల్ అంటే నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్) అని ఉంటే పాత సరుకుకి కొత్త చొక్కా. నేను కార్ట్‌లో వేసే ముందు ఇది చూడకుండా ఒక్కటీ కొనను.

ఎయిర్‌ఫిక్స్ వాళ్లు ఈ విషయంలో కాస్త నయం, పాత మౌల్డ్‌లకి "వింటేజ్ క్లాసిక్స్" అని వేరే వరసే పెట్టారు. 1/72 స్పిట్‌ఫైర్ వాళ్లు మొదట తీసింది 1950ల్లో. ఆ తర్వాత అదే విమానానికి మౌల్డ్ ఎన్నోసార్లు మార్చారు. అదే కంపెనీ, అదే విమానం, అదే స్కేల్, కానీ ఏ తరం మౌల్డ్ అన్నదాన్ని బట్టి ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

మౌల్డ్_మనిషి (కొండపల్లి)

రివెట్ గారు చెప్పింది నిజమే, కానీ అది సగమే. నేను కొండపల్లి ఐడీఏలో ఇంజెక్షన్ మౌల్డింగ్ మిషన్ల మీద పనిచేస్తాను. మేం తీసేవి డబ్బా మూతలు, మగ్గులు. మగ్గు చెవైనా విమానం రెక్కైనా మిషన్‌కి తేడా తెలీదు.

డై, అంటే మీరనే మౌల్డే, రెండు సగాలుంటుంది. మిషన్ ఆ రెండింటినీ టన్నుల బలంతో అదిమి పట్టుకుంటే, కరిగిన పాలిస్టైరీన్ ఒత్తిడితో లోపలికి పోతుంది. డై అంచులు అరిగినా, అదిమే బలం చాలకపోయినా ఆ రెండు సగాల సందులోంచి ప్లాస్టిక్ కారుతుంది. అట్టు అంచున పల్చగా సాగే పొరలా ముక్క చుట్టూ అంటుకుని వస్తుంది. దాన్నే ఫ్లాష్ అంటారు. ఫ్లాష్ చూసి చాలామంది కంగారుపడతారు. నేను పడను. పదునైన బ్లేడు వెనకవైపుతో గీస్తే పోతుంది. పని పెరుగుతుంది, అంతే.

నేను భయపడేది రెండు సగాలు పక్కకి జరిగితే వచ్చే మెట్టుకి. ల్యాండింగ్ గేర్ కాళ్లు, చక్రాలు, తుపాకీ గొట్టాలు చూడండి. అతుకు గీత మీద గోరు అడ్డంగా పోనిస్తే టక్కున తగులుతుంది. ఆ మెట్టుని రాసి తీసేస్తే గుండ్రంగా ఉండాల్సింది గుండ్రంగా మిగలదు. అంత సన్నటి ముక్కకి లప్పం పెట్టి మళ్లీ గుండ్రం చేయడం అనుభవం ఉన్నవాళ్లకే విసుగు.

తర్వాత సింక్ మార్కులు. ముక్క మందంగా ఉన్నచోట లోపలి ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారుతుంది. పాలిస్టైరీన్ చల్లారుతూ అర శాతం అటూ ఇటూ కుంచించుకుంటుంది, ఆ లాగుడుకి పై చర్మం లోపలికి గుంట పడుతుంది. ఎక్కడ వెతకాలంటే, వెనక వైపు గూటం (ఇంకో ముక్క చిల్లులో దూరే బుడిపె) ఉన్నచోట ముందువైపు. రెక్క ఒంటికి కలిసే దగ్గర, బాంబుల మీద, డ్రాప్ ట్యాంకుల (కింద వేలాడే అదనపు ఇంధనం ట్యాంకుల) మీద. పై నుంచి ట్యూబ్‌లైట్ వెలుతురులో చూస్తే కనపడవు. ముక్కని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పితే, మెరుపు సాఫీగా జారకుండా ఒకచోట వంకర తిరుగుతుంది. గుంట అక్కడుంది.

గుండ్రటి చిన్న మచ్చలు ఎజెక్టర్ పిన్నులవి, ముక్కని డైలోంచి బయటికి తోసే పిన్నులు. అవి లేకుండా ఏ ముక్కా రాదు. ఎక్కడ పెట్టారన్నదే చూడాలి. ఒంటి లోపలి గోడ మీద పడితే ఎవరికీ కనపడవు. చక్రాల గది తలుపుల లోపలివైపు పడ్డాయంటే ఆ డిజైనర్ ఒళ్లు వంచలేదని అర్థం, ఎందుకంటే ఆ తలుపులు తెరిచే అతికిస్తాం.

ఇంకో మాట. ఒకే డై, ఒకే కిట్, రెండు పెట్టెలు రెండు రకాలుగా రావచ్చు. ఆర్డర్ ఒత్తిడి ఉన్న రోజు చల్లార్చే టైములో రెండు సెకన్లు కోసేస్తే షిఫ్టు అయ్యేసరికి బోలెడు పీసులు కలిసొస్తాయి. వేడి వేడిగా బయటికొచ్చిన పల్చటి ముక్క మాత్రం వంకర తిరుగుతుంది. అందుకే ఎవరో మంచి రివ్యూ రాశారని మీ పెట్టె కూడా అలాగే వస్తుందనుకోకండి.

గన్‌ప్లా_జీజీహెచ్_పక్క (గుంటూరు)

అన్నలూ, మీ బాధలు చదువుతుంటే నవ్వొస్తోంది. గన్‌ప్లాకి (గండమ్ రోబో కిట్లకి) రండి. జిగురక్కర్లేదు, లప్పమక్కర్లేదు, రంగు ప్లాస్టిక్‌లోనే ఉంటుంది. కట్ చెయ్, టక్ మను, అయిపోయింది. 😄

ఒక డౌట్ మాత్రం ఉంది. పోయిన మే నెలలో తెప్పించిన ఒక విమానం కిట్ రెక్కలు విల్లులా వంగి వచ్చాయి. కొరియర్ వ్యాన్‌లో మన గుంటూరు ఎండకి కరిగాయనుకున్నా. ఎండాకాలం కిట్లు తెప్పించొద్దని అందరికీ చెప్తున్నా కూడా.

మౌల్డ్_మనిషి (కొండపల్లి)

> కొరియర్ వ్యాన్‌లో మన గుంటూరు ఎండకి కరిగాయనుకున్నా

ఎండని అనకు తమ్ముడూ. పాలిస్టైరీన్ మెత్తబడాలంటే దాదాపు 100 డిగ్రీలు కావాలి. బయట 45 ఉండి, మూసిన వ్యాన్‌లో ఇంకో పాతిక పెరిగినా అంత దూరం పోదు. నేను పైన చెప్పిన చల్లార్చే టైము సంగతే అది, లేదా పెట్టెలో స్ప్రూలు (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలు) ఇరికించి కట్టారు. కారు అద్దం కింద డాష్‌బోర్డ్ మీద వదిలేస్తే మాత్రం నా పూచీ లేదు.

వంగిన రెక్కని బాగుచేయడం తేలికే. పొయ్యి మీంచి దించిన నీళ్లు, మరుగు తగ్గాక, అందులో కాసేపు ముంచి, చదునైన టైల్ మీద పెట్టి వేళ్లతో పట్టుకుని చల్లనీళ్లు పొయ్యి. రెక్క రెండు పొరలుగా ఉంటే అతికించాక కూడా చాలావరకు తిన్నగా అయిపోతుంది. ఒంటి సగం మెలి తిరిగి ఉంటే మాత్రం కష్టం.

రివెట్_లెక్క (గుంటూరు, బ్రాడీపేట)

గన్‌ప్లా తమ్ముడికి చిన్న సమాధానం. బందాయ్ మొదటి గండమ్ కిట్ 1980 జులైలో 1/144లో 300 యెన్‌లకి వచ్చింది, అది జిగురు కిట్టే. నొక్కితే అతుక్కునేంత ఖచ్చితత్వం వాళ్లకి తర్వాత వచ్చింది, అన్ని రకాలు అమ్ముడుపోబట్టి. వందో వంతు కూడా అమ్ముడవని పాత మిగ్ కిట్‌ని దానితో పోలిస్తే ఎలా? పైగా ఎవరూ చూడని రోబోకి రెక్క తప్పని ఎవడు పట్టుకుంటాడు?

గన్‌ప్లా_జీజీహెచ్_పక్క (గుంటూరు)

అదే కదా అన్నా హాయి 😂

సీతారాంపురం_బ్రష్ (విజయవాడ)

పటమట నాన్నగారూ, మీరు అడిగింది పాప కోసం కదా, నా పద్ధతి చెప్తాను. నేను ఎక్కువగా ట్యాంకులు చేస్తాను, మా అబ్బాయికి విమానాలు.

నేను స్ప్రూ ఫొటో చూసేటప్పుడు ముందు వెతికేది పారదర్శకంగా ఉండే ముక్కల్ని. ఒంట్లో సందుంటే లప్పం పెడతాం, గీత పోతే మళ్లీ గీస్తాం. కాక్‌పిట్ అద్దం మసకగా ఉంటే, లోపల అలలుంటే, ఇంట్లో కూర్చుని చేసేది పెద్దగా లేదు. చేతికి వచ్చాక దాన్ని పేపర్ మీద పెట్టి చూడండి. కింది అక్షరాలు చదవగలిగితే బాగున్నట్టు. అక్షరాలు వంకర్లు పోతే, మీరు లోపల పైలట్‌కి ఎంత ముద్దుగా రంగులేసినా ఎవరికీ కనపడదు. చవక కిట్లలో అద్దం మందం ఒక మిల్లీమీటరు ఉండటం మామూలే. 1/72లో ఆ మిల్లీమీటరు అంటే నిజం విమానంలో ఏడు సెంటీమీటర్ల పైన!

రెండోది డెకాల్స్. మన వాయుసేన గుర్తు తీసుకోండి. బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. మూడు రంగులూ మూడుసార్లు అచ్చవుతాయి కాబట్టి, ఒక్క రంగు జరిగినా తెల్ల వలయం ఒకపక్క లావుగా, ఇంకోపక్క సన్నగా కనపడుతుంది. ఫొటో పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది. జరిగిన డెకాల్‌ని ఏం చేసినా బాగుపడదు, విడిగా వేరే షీట్ కొనాలి, అది కిట్‌లో సగం ఖరీదు. పసుపు పచ్చబడిన షీట్ మాత్రం పర్లేదు. కిటికీ అద్దానికి టేపుతో అంటించి వదిలేయండి, బెజవాడ ఎండకి కొన్ని రోజుల్లో తెల్లబడుతుంది. తేమ తగలకుండా జిప్ కవర్‌లో పెట్టి అంటించండి.

ఫ్లాష్, పిన్ను మచ్చలు, చిన్న సింక్ మార్కులు, ఇవి ఉన్నాయని నేను కిట్ వదిలేయను. వెయ్యి రూపాయల్లో అవి లేని కిట్ దొరికితే ఆ షాపు అడ్రస్ నాక్కూడా చెప్పండి.

రివెట్_లెక్క (గుంటూరు, బ్రాడీపేట)

మేడమ్, అద్దం సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆకారం మర్చిపోయారు. ముక్కు కోన్ లావైతే, తోక పొట్టిదైతే, ఏ లప్పమూ కాపాడదు. పైగా మిగ్-21 అని ఒకే పేరు పెట్టేస్తారు గానీ మన దగ్గర ఎగిరినవే రకరకాలు. 1963 నుంచి వచ్చాయి. 1971 యుద్ధంలో ఎగిరిన ఎఫ్‌ఎల్‌కి వీపు సన్నగా ఉంటుంది, తర్వాత వచ్చిన బిస్‌కి వీపు ఉబ్బెత్తుగా ఉంటుంది. పెట్టెలో ప్లాస్టిక్ బిస్‌ది పెట్టి, డెకాల్స్ 1971వి ఇస్తే అది ఏ విమానం? ఎవరిదీ కాదు.

ప్యానెల్ లైన్స్ (విమానం రేకుల అతుకు గీతలు) కూడా. పాత మౌల్డ్‌లలో అవి పైకి లేచిన గీతలు. అతుకు దగ్గర రాశామా, గీతలూ పోతాయి. లోపలికి చెక్కిన గీతలున్న కిట్టే కొనండి. పైకి లేచిన గీతలంటే 1980లకి ముందు సరుకు అని దాదాపు గుర్తు.

సీతారాంపురం_బ్రష్ (విజయవాడ)

> లోపలికి చెక్కిన గీతలున్న కిట్టే కొనండి

ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించను. లోపలికి చెక్కినవన్నీ మంచివనుకుంటే పాత మ్యాచ్‌బాక్స్ కిట్లు చూడండి, కాలవలు తవ్వినట్టు ఉంటాయని లోకమంతా జోకులు వేసుకుంటుంది. లెక్క మీరే వేయండి. గీత వెడల్పు 0.2 మి.మీ. అనుకుంటే, 72తో గుణిస్తే 14 మి.మీ. పైనే. నిజం విమానం రేకుల మధ్య వేలు పట్టేంత సందు ఉంటుందా? వైజాగ్ బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం మ్యూజియం ఉంది కదా, ఈసారి వెళ్లినప్పుడు పది అడుగుల దూరంలో నిలబడి చూడండి. అతుకులు కనపడేది మరకల వల్లే, సందుల వల్ల కాదు. పల్చగా పైకి లేచిన గీత మీద రంగు పడ్డాక, లోతుగా తవ్విన గీత కన్నా అదే నిజంగా అనిపిస్తుంది నాకు.

వీపు లావు, సన్నం సంగతి ఎనిమిదో తరగతి పిల్లకి మొదటి కిట్‌లోనే ఎందుకండీ?

రివెట్_లెక్క (గుంటూరు, బ్రాడీపేట)

టీవీలో చూసి అడిగిన పిల్ల, మేడమ్. తను చూసింది బిస్ కుటుంబం విమానం. సన్న వీపుది చేతికి వస్తే "నాన్నా ఇది అది కాదు" అనేది ముందు తనే. పిల్లల కళ్లు మనకన్నా నయం.

పటమట_నాన్న (విజయవాడ)

అది నిజమే. చిన్నప్పుడు అట్లాస్‌లో జెండాలు తప్పుంటే టీచర్‌కి చెప్పొచ్చిన రకం మా పిల్ల.

ఒక ప్రశ్న. అమ్మేవాళ్లు 1/72 అని రాసింది నిజమేనని ఎలా నమ్మాలి? ఒక లిస్టింగ్‌లో 1/72 అనీ, కింద పొడవు, వెడల్పు అనీ ఏవో సెంటీమీటర్లు వేశారు.

రివెట్_లెక్క (గుంటూరు, బ్రాడీపేట)

మంచి ప్రశ్న. పెట్టె సైజుకి సరిపడేలా విమానాన్ని కుదించి, దానికి దగ్గర్లో ఉన్న స్కేల్ రాసేసే బొమ్మలు బోలెడున్నాయి. మిగ్-21 రెక్క కొస నుంచి కొసకి 7.15 మీటర్లు. 72తో భాగిస్తే దాదాపు 9.9 సెం.మీ. స్పిట్‌ఫైర్ అయితే 11.23 మీటర్లు, అంటే 15.6 సెం.మీ. లిస్టింగ్‌లో వెడల్పు ఇంతకి రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటే సరే. మిగ్ 14 సెం.మీ. అని ఉంటే అది 1/72 కాదు, 1/50 చుట్టుపక్కల ఏదో. పొడవు నమ్మకండి, ముక్కు ముందు పొడుచుకొచ్చే సూది గొట్టాన్ని కొందరు కలుపుతారు, కొందరు కలపరు.

స్కేల్ అంటే గుర్తొచ్చింది, 1/35 ఎందుకు అంత విడ్డూరమైన అంకె అని ఎప్పుడైనా ఆలోచించారా? టామియా మొదట్లో మోటార్‌తో నడిచే ప్యాంథర్ ట్యాంక్ చేసినప్పుడు లోపల బ్యాటరీలు పట్టేలా సైజు పెట్టుకున్నారు. తర్వాత లెక్కేస్తే అది 1/35 దగ్గరికి వచ్చింది. ప్రపంచమంతా అదే పట్టుకుంది. కొన్ని పాత ట్యాంక్ కిట్ల అడుగున మోటార్ కోసం పెట్టిన చిల్లులు ఇప్పటికీ ఉంటాయి. చవకగా 1/35 ట్యాంక్ కనపడితే అడుగుభాగం ఫొటో అడగండి.

ఆటోనగర్_స్ప్రే (విజయవాడ)

అన్నలందరికీ దండాలు. నేను కార్లకి పెయింటింగ్. మోడల్స్ ఈ మధ్యే మొదలెట్టా. నాకు డై గురించి తెలీదు గానీ లప్పం గురించి తెలుసు.

సందులున్నాయని భయపడి కిట్ మానేయకండి సార్. మన ఆటోనగర్‌లో ఏ పెయింట్ షాపులో అడిగినా ఎన్‌సీ పుట్టీ (కార్లకి వాడే నైట్రోసెల్యులోజ్ లప్పం) దొరుకుతుంది, మోడల్ షాపు పుట్టీ రేటులో చిన్న వంతుకే. అగ్గిపుల్ల కొసతో సందులోకి పల్చగా తోయాలి. ఒకేసారి లావుగా పెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది, వారం తర్వాత కుంగుతుంది. పల్చగా రెండు మూడు సార్లు, మధ్యలో ఒక రాత్రి ఆరనివ్వాలి. తర్వాత 400 వాటర్ పేపర్, నీళ్లు పోస్తూ. తర్వాత 800, ఆఖర్న 1000. చుట్టూ గీతలు పోకుండా ఉండాలంటే సందుకి రెండు పక్కలా మాస్కింగ్ టేప్ వేసి అప్పుడు పుట్టీ పెట్టండి.

ఎన్‌సీ థిన్నర్ మాత్రం ప్లాస్టిక్ మీద పడనివ్వకండి. కారు రేకు అనుకుని గుడ్డతో తుడిస్తే పాలిస్టైరీన్ కరిగి జిగురైపోతుంది. రెండు డబ్బాలు కలిపే లప్పం వద్దు, ఇంత చిన్న పనికి కలిపేలోపే గట్టిపడిపోతుంది.

కొందరు సూపర్ గ్లూతో సందు నింపుతారు. అలా చేస్తే ఆ పూటే రాసెయ్యాలి. రాత్రంతా వదిలితే ప్లాస్టిక్ కన్నా గట్టిపడి, పేపర్ వేస్తే చుట్టూ ప్లాస్టిక్ అరుగుతుంది, గ్లూ గుట్టలా మిగుల్తుంది. కాక్‌పిట్ అద్దం దగ్గరికి సూపర్ గ్లూ అసలు రానివ్వకండి, ఆవిరికి తెల్లగా పొగ పట్టేస్తుంది. దానికి తెల్ల ఫెవికాలే బెస్ట్.

మౌల్డ్_మనిషి (కొండపల్లి)

మా ఊరి బొమ్మలవాళ్లు ఎప్పట్నుంచో చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో తెల్లపొణికి ముక్కల సందులు పూడుస్తారు. స్ప్రే తమ్ముడి "పల్చగా పెట్టు, ఆరనివ్వు" అన్నమాట అక్కడ రోజూ వినపడేదే. ప్లాస్టిక్‌కి మక్కు పట్టదనుకోండి, ప్రయోగాలు చేయకండి.

గన్‌ప్లా_జీజీహెచ్_పక్క (గుంటూరు)

సరే, సీరియస్‌గా ఒక డౌట్. ఒకప్పుడు చవక అనుకున్న కిట్లు కూడా ఇప్పుడు ఎందుకింత రేటు? మా సీనియర్లు చెప్పే ధరలకీ ఇప్పటి ధరలకీ పొంతనే లేదు.

రివెట్_లెక్క (గుంటూరు, బ్రాడీపేట)

స్కేల్ మోడల్స్ కస్టమ్స్ లెక్కల్లో బొమ్మల కిందకే వస్తాయి, 9503 హెడ్డింగ్. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో బొమ్మల మీద సుంకం 20 నుంచి 60 శాతానికి పెంచారు, 2023లో 70 చేశారు. దాని పైన జీఎస్టీ. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి చేశారు. పెద్దవాళ్లు చేసే మోడల్‌కీ చంటిపిల్లల గిలక్కాయకీ ఒకటే సుంకం పెట్టారని నా ఏడుపు.

అందుకే రేటు చూసి నాణ్యత అంచనా వేయకండి. మీరు కట్టే దాంట్లో పెద్ద వాటా సుంకం, కొరియర్, మధ్యవాళ్లది. అరిగిన మౌల్డ్ సరుకైనా సముద్రం దాటొస్తే ఖరీదే. ఎయిర్‌ఫిక్స్ వాళ్ల పెట్టెలు చాలావాటి మీద మాత్రం "మేడ్ ఇన్ ఇండియా" అని ఉంటుంది, మన దేశంలోనే పోత పోయించారు.

మౌల్డ్_మనిషి (కొండపల్లి)

ఆ పెట్టెలు నేనూ చూశాను. ప్లాస్టిక్ కాస్త మెత్తన, కోసేటప్పుడు నిప్పర్ ముక్కకి ఆనించి కోయకండి, కొంచెం దూరంలో ఒకసారి, తర్వాత మిగిలిన ముడి ఒకసారి. ముక్కలు జిడ్డుగా ఉంటే గిన్నెల సబ్బుతో గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరబెట్టండి. డైలోంచి తేలిగ్గా ఊడటానికి కొట్టే స్ప్రే అది, ఉంటే రంగు పట్టదు.

నిర్వాహకులు

అమ్మకాల లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. కొనుగోళ్లకి వేరే విభాగం ఉంది. చర్చ కొనసాగించండి.

పటమట_నాన్న (విజయవాడ)

అందరికీ చాలా థ్యాంక్స్. ఒక అమ్మకందారుకి మెసేజ్ పెట్టి స్ప్రూ ఫొటోలు అడిగితే ఈసారి పంపించాడు. మూడు అప్‌లోడ్ చేశాను, చూసి చెప్పండి. స్కేల్‌మేట్స్‌లో వెతికితే బిస్ అనే ఉంది, మౌల్డ్ 1990ల నాటిది.

సీతారాంపురం_బ్రష్ (విజయవాడ)

అద్దం ముక్క బాగుంది, వెనక ఉన్న టేబుల్ గళ్లు వంకర్లు లేకుండా కనపడుతున్నాయి. డెకాల్స్‌లో మన గుర్తు ఉంది కానీ ఫొటో మసక. దగ్గర్నుంచి తీసి పంపమనండి.

మౌల్డ్_మనిషి (కొండపల్లి)

రెండో ఫొటోలో ముక్కు చక్రం చుట్టూ ఫ్లాష్ ఉంది, తేలికే. గేర్ కాళ్ల మీద గీత సన్నగా తిన్నగా ఉంది, మెట్టు లేదు. రెక్కల మొదట్లో చిన్న గుంట ఉన్నట్టుంది, లేదా నీడ. మూడో ఫొటోలో స్ప్రూ ఎడమ మూల కాస్త పైకి లేచింది. స్ప్రూ వంగినా పర్లేదు, ముక్క వంగకపోతే చాలు. వచ్చాక టైల్ మీద పెట్టి చూడండి.

రివెట్_లెక్క (గుంటూరు, బ్రాడీపేట)

వీపు లావు సరిపోయింది. పాపని మొదటి రోజే జిగురు పెట్టనివ్వకండి. ఒంటి రెండు సగాలూ రబ్బర్ బ్యాండ్ వేసి, రెక్కలు ఊరికే ఆనించి చూడమనండి. సందు ఎక్కడొస్తుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే, గూటాలు కొంచెం కోసి సగం సందులు అక్కడే పోగొట్టొచ్చు. ఇంకోటి, ముక్కు కోన్ వెనక బరువు పెట్టమని సూచనల కాగితంలో ఉందో లేదో చూడండి. పెట్టకపోతే కొన్ని కిట్లు తోక మీద కూలబడతాయి.

ఆటోనగర్_స్ప్రే (విజయవాడ)

బరువుకి చేపల గాలానికి కట్టే సీసం గుండ్లు వద్దు సార్, పిల్లలు ముట్టుకుంటారు. చిన్న నట్టు, ఎపాక్సీ చాలు.

పటమట_నాన్న (విజయవాడ)

అదే షాపువాడు ట్యాంక్ కిట్ ఒకటి సగం రేటుకి ఇస్తానంటున్నాడు, కలిపి తీసుకుంటే. 1/76 అని ఉంది. పాప దగ్గర 1/72 సైనికుల సెట్ ఉంది. తేడా కొడుతుందా?

సీతారాంపురం_బ్రష్ (విజయవాడ)

ఎయిర్‌ఫిక్స్, మ్యాచ్‌బాక్స్ చిన్న ట్యాంకులు 1/76లోనే వచ్చాయి. 175 సెం.మీ. మనిషి 1/72లో 24 మి.మీ. పైచిలుకు, 1/76లో 23. పక్కన నిలబెడితే మీ పాప ఒక్కత్తే పట్టుకుంటుంది, ఇంకెవరూ పట్టుకోరు. తీసుకునే ముందు చక్రాల గొలుసు ఫొటో అడగండి. అది మెత్తటి రబ్బర్ లాంటి ప్లాస్టిక్‌ది అయితే పెళుసెక్కి విరిగిందేమో చూడాలి. ముక్కలు ముక్కలుగా అతికించే గట్టి ప్లాస్టిక్‌ది అయితే ఓపిక ఉంటే సరిపోతుంది.

పటమట_నాన్న (విజయవాడ)

అడిగాను. రబ్బర్ రకమేనట, వంచి వీడియో తీసి పంపాడు, విరగలేదు. డెకాల్ ఫొటో కూడా పంపాడు, పైన పెట్టాను.

సీతారాంపురం_బ్రష్ (విజయవాడ)

తెల్ల వలయం చుట్టూ ఒకేలా ఉంది. తీసేసుకోండి. ఎన్‌సీ పుట్టీ మాత్రం చిన్న ట్యూబే కొనండి, పెద్దది కొంటే మీ కారుకే వాడాలి.